మీటరుకి మిల్లీమీటరు: రాజమండ్రి గోదావరి వంతెనల నమూనా, ప్రాజెక్టు డైరీ

సైజు తేల్చిన రోజు

మా హైస్కూలు వరండాలో గోడవారగా పన్నెండడుగుల జాగా ఊరికే పడి ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పాటికి అక్కడ మన ఊరి వంతెనల నమూనా ఒకటి పెట్టాలని అనుకున్నాం. నేను లెక్కల మాస్టారిని, తొమ్మిదో తరగతి పిల్లలు పనివాళ్లు, బల్ల చేసిపెట్టడానికి మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి ఒకాయన. బడ్జెట్ అంటారా, ఆ మాట హెడ్మాస్టరు గారి ముందు ఎత్తకపోవడమే మంచిది.

మొదటి తగువు స్కేలు దగ్గర వచ్చింది. బొమ్మ రైళ్లు కొనుక్కునేవాళ్లు వాడే హెచ్‌ఓ స్కేలు 1:87. ఆ లెక్కన ఆర్చి బ్రిడ్జి ఒక్కటే 31 మీటర్ల పైన వస్తుంది, అంటే వరండా దిగి గేటు దాటి రోడ్డెక్కుతుంది. 1:1000 అనుకున్నాక అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆర్చి బ్రిడ్జి పొడవు 2,745 మీటర్లు, మన బల్ల మీద 2,745 మిల్లీమీటర్లు. మీటరు ఉన్న చోట మిల్లీమీటరు అని రాసుకుంటే చాలు, గుణకారం లేదు, భాగహారం లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది అదే.

ఎన్ని వంతెనలు? మూడు. 1900లో తెరిచిన హేవలాక్ బ్రిడ్జి, 1974లో వచ్చిన రోడ్ కం రైల్ బ్రిడ్జి, 1997 నాటి ఆర్చి బ్రిడ్జి. ఎగువన 2015లో తెరిచిన నాలుగో వంతెన, అదే మనవాళ్లు గామన్ బ్రిడ్జి అనేది, బల్ల మీదకి రాదు. ధవళేశ్వరం బ్యారేజీ అయితే ఈ లెక్కలో వరండా చివర మెట్ల దగ్గర ఉండాలి. పిల్లలు అక్కడ సుద్దముక్కతో గీత గీసి పేరు రాశారు. ఊడ్చే ఆవిడ రోజూ చెరిపేస్తుంది, వీళ్లు రోజూ రాస్తారు.

సంక్రాంతి సెలవుల తర్వాత: 190 మీటర్లు ఏమయ్యాయి?

బల్ల తయారయ్యేలోగా అంకెలు పట్టుకుని కూర్చున్నాం. హేవలాక్ బ్రిడ్జి పని 1897లో మొదలై మూడేళ్లలో పూర్తయింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. ఇంజనీరు వాల్టన్. రాతి స్తంభాలు, పైన ఉక్కు గర్డర్లు, మొత్తం 56 స్పాన్లు (స్పాను అంటే స్తంభం నుంచి స్తంభం దాకా ఒక అంగ), ఒక్కో స్పాను 45.7 మీటర్లు. అంతకుముందు రైల్లో వచ్చినవాళ్లు ఒడ్డున దిగి పడవలో ఏరు దాటి అవతల మళ్లీ రైలెక్కాల్సిందే. ఏటికి వరదొస్తే ఆ ప్రయాణం ఎలా ఉండేదో ఊహించుకోవడమే.

56ని 45.7తో గుణిస్తే 2,559 వస్తుంది. వంతెన పొడవు మాత్రం 2.7 కిలోమీటర్ల పైచిలుకు. మిగతా 190 మీటర్లు ఎటుపోయాయి? క్లాసంతా కాగితాల మీద పడ్డారు. ఒకడు మళ్లీ గుణించాడు, ఇంకొకడు పుస్తకం తప్పన్నాడు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "స్తంభాల మందం కలపలేదు సార్" అంది. అంతే. 45.7 మీటర్లంటే 150 అడుగులు, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉన్న ఖాళీ. స్తంభం మందం కూడా కలిపితే 160 అడుగుల దగ్గరకి, అంటే 48.8 మీటర్లకి వస్తుంది.

ఇక్కడే అసలు సంగతి బయటపడింది. ఆర్చి బ్రిడ్జికి 28 స్పాన్లు. ఒక్కోటి 97.55 మీటర్లు. 56లో సగం 28. 48.8కి రెట్టింపు 97.6. అంటే పాత వంతెన రెండు అడుగులు వేసిన చోట కొత్త వంతెన ఒక్క అంగ వేసింది. పక్కపక్కనే రెండో వంతెన కట్టేటప్పుడు కొత్త స్తంభాలని పాతవాటి వరసలోనే నిలబెట్టడం ఇంజనీర్ల పద్ధతి. లేకపోతే ఒక స్తంభాన్ని తప్పించుకున్న నీళ్లు సరాసరి ఇంకో స్తంభానికి కొట్టుకుని సుడి తిరుగుతాయి, అడుగున ఇసుక కోసుకుపోతుంది. 1897లో ఎవరో 150 అడుగులు అని గీసిన గీత వందేళ్ల తర్వాత కాంక్రీటు ఆర్చి ఎంత వెడల్పుండాలో తేల్చిందన్నమాట. ఈ ఒక్క విషయం బల్ల చూసినవాళ్లకి కంటికి ఆనాలి. అందుకే రెండు వంతెనల స్తంభాల వరస కలిసేలా మధ్యలో ఒక సన్నటి దారం లాగుదామని అనుకున్నాం. తక్కిన అలంకారం ఎంత తగ్గినా ఫర్వాలేదు.

కటింగ్ షాపు గొడవ

ఆర్చిలని విజిటింగ్ కార్డు మందం కాగితం మీద లేజర్‌తో కోయించాలి. ఒక్కో స్పానుకి ట్రాకుకి ఇటొకటి అటొకటి, మొత్తం 56 ఆర్చి ముక్కలు. ఆర్చి ఎత్తు కోసం కాగితాలు వెతకలేదు. ఒడ్డునుంచి పక్కవాటుగా తీసిన ఫోటోలో స్పాను పొడవు ఎంతో ఎత్తు ఎంతో స్కేలుతో కొలిచి, 97.55 ప్రకారం అనుపాతం కట్టాం. ఎనిమిదో తరగతి లెక్కే.

షాపువాళ్లు మాత్రం 97.55 మిల్లీమీటర్లని 97గా కోసి ఇచ్చారు. అడిగితే "అరమిల్లీమీటరు ఎవరు చూస్తారండీ" అన్నారు. నిజమే, ఒక్క ఆర్చి పెడితే ఎవరూ చూడరు. 28 వరసగా పెడితే 15.4 మిల్లీమీటర్లు, అంటే రాజమండ్రి గట్టుకి 15 మీటర్లు ముందే రైలు నీళ్లలో పడుతుంది. పిల్లలు ఆ మాట షాపాయన మొహం మీదే అనేశారు. ఆయన కాసేపు గింజుకుని మళ్లీ కోసిచ్చాడు, ఈసారి కాగితం ఖర్చు మాత్రం మాదే. లెక్కల క్లాసులో "చిల్లర అంకెలు వదిలేయొచ్చా సార్" అని ఇకమీదట ఎవడూ అడగడు, అదొక లాభం.

శివరాత్రి ముందు: బకెట్లో బావి

స్తంభాలు నిలబెట్టే ముందు అవి నిజంగా ఎలా నిలబడ్డాయో పిల్లలకి చూపించాలనిపించింది. గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే. తవ్విన గొయ్యి తవ్వినట్టే పూడిపోతుంది. అందుకని స్తంభం కింద బావులు దింపుతారు. గుండ్రటి గోడ కట్టి, దాని లోపలి ఇసుక తోడేస్తూ పోతే గోడ తన బరువుకి తనే కిందకి దిగుతుంది. పైన ఇంకో వరస కడతారు, ఇంకా దిగుతుంది. కావలసిన లోతుకి చేరాక అడుగు కాంక్రీటుతో మూసి, లోపల నింపి, ఆ తల మీద స్తంభం లేపుతారు.

"మా ఊళ్లో నూతికి ఒరలు దింపినట్టే కదండీ" అన్నాడు మేస్త్రి. దింపినట్టే కాదు, అదే. మనకి ఇంట్లో తెలిసిన పనే ఏటి మధ్యలో పెద్ద ఎత్తున చేశారు.

బకెట్లో తడి ఇసుక, మూడంగుళాల పీవీసీ గొట్టం ముక్క, అన్నం గరిటె. గొట్టం నిలబెట్టి లోపలి ఇసుకని గరిటెతో తోడారు. మొదట ఏమీ కదల్లేదు. ఇంకాస్త తోడాక ఒక్కసారిగా అంగుళం జారింది, పిల్లలు కేకేశారు. మళ్లీ ఆగిపోయింది. పైన సగం ఇటుక పెట్టారు, మళ్లీ కదిలింది. తర్వాత ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. ఒకడు చేత్తో పట్టుకుని లాగబోతే నేను ఆపి, "ఏ పక్క గట్టిగా ఉందో ఆ పక్క ఇసుక తియ్యి" అన్నాను. ఎత్తుగా ఉన్న వైపు లోపలి నుంచి రెండు గరిటెలు తీశాడు. గొట్టం మెల్లగా నిటారు అయింది. నిజం బావుల్ని కూడా ఇలాగే సరిచేస్తారు. వేలకొద్దీ టన్నుల కట్టడాన్ని తోసి నిలబెట్టే పని కాదు, ఏ పక్క ఎంత ఇసుక తీయాలో తెలిసిన మనిషి కావాలి.

హేవలాక్ స్తంభాలకి మాకు దొరికిన సరుకు చూస్తే మీకే నవ్వొస్తుంది: పలక బలపాలు. బూడిద రంగు రాయి, సన్నగా, కోస్తే నీటుగా తెగుతుంది. 56 స్పాన్లకి నడుమ 55 స్తంభాలు. ఒకటో తరగతి టీచరమ్మ డబ్బాలో బలపాలు మాయమైపోతున్నాయని ఫిర్యాదు కూడా వచ్చింది. రాతి స్తంభానికి రాయే వాడాలని పిల్లలు పంతం పట్టారు, నేనూ అడ్డు చెప్పలేదు. ఆర్చి బ్రిడ్జి కింద మాత్రం అగరుబత్తి పుల్లలు, పైన సిమెంటు రంగు.

ఉగాది దగ్గర: విల్లూ తాడూ

ఆర్చి బ్రిడ్జిని బౌస్ట్రింగ్, అంటే వింటినారి, అని ఎందుకంటారో చెప్పడానికి బోర్డు మీద బొమ్మ వేస్తే సగంమంది ఆవలించారు. మేస్త్రి దగ్గర వెదురు బద్ద తీసుకుని బల్ల మీద వంచి నిలబెట్టాను. నడుమ చేత్తో నొక్కితే రెండు చివర్లూ బయటకి జారిపోయాయి. ఇంకా గట్టిగా నొక్కితే పుస్తకాలని తోసేశాయి. ఇప్పుడు రెండు చివర్లనీ పురికొసతో కట్టి నొక్కమన్నాను. నొక్కారు. కదలదు. కొస మాత్రం బిగుసుకుని వేలితో మీటితే మోగింది.

వంతెనలో ఆ పురికొస పని చేసేది రైలు పట్టాలున్న కాంక్రీటు దూలమే. అది లోపల డొల్లగా ఉండే పెట్టె దూలం, ముందే లాగి బిగించిన ఉక్కు తీగలు దాన్ని పట్టి ఉంచుతాయి. ఆర్చి చివర్లు బయటకి తోస్తుంటే ఆ దూలం లోపలికి లాగి పడుతుంది. దాంతో స్తంభం మీదకి తోపుడు రాదు, నిలువు బరువు ఒక్కటే వస్తుంది. ఇసుకలో దింపిన బావి మీద నిలబడ్డ స్తంభానికి పక్క తోపుడు లేకపోవడం ఎంత సుఖమో బకెట్ చూసిన పిల్లలకి వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆర్చి నుంచి కిందకి దిగే హ్యాంగర్లు దూలాన్ని అక్కడక్కడా పట్టుకుని ఉంటాయి. మా నమూనాలో హ్యాంగర్లంటే కరెంటు వైరు ఒలిస్తే లోపల వచ్చే రాగి పోగులు. ఒక్కోటి పట్టకారుతో పట్టుకుని ఫెవిక్విక్ చుక్క పెట్టాలి. ఈ పనికి కళ్లద్దాలున్న నేను పనికిరాను, ఇద్దరు ఆడపిల్లలు చేశారు. వాళ్ల చేతులు వణకవు, నాకు మాత్రం చూస్తుంటేనే టెన్షన్.

రైలు కూడా లెక్కలోకి వచ్చింది. ఈ కాలం బోగీ ఒకటి 24 మీటర్లు, మనకి 24 మిల్లీమీటర్లు. 24 బోగీలు, ఇంజనూ కలిపితే దాదాపు ఆరు ఆర్చిల పొడవు. రైల్లో కూర్చుని బ్రిడ్జి అంతా రైలే ఉందనుకుంటాం గానీ, 28 ఆర్చిలలో ఆరు. చిల్లర విసిరేవాళ్లకి బోలెడు టైముంటుంది.

ఎండాకాలం: వంకర తిరిగిన చోటు

రోడ్ కం రైల్ బ్రిడ్జి ఒక్కటే మమ్మల్ని నిజంగా ఏడిపించింది. కింద ఒక రైలు లైను, పైన రోడ్డు. 91.5 మీటర్ల ఉక్కు స్పాన్లు 27, 45.72 మీటర్లవి 7. ఆ ఏడింటిలో ఆరు రాజమండ్రి వైపు ఆరు డిగ్రీల వంపులో ఉన్నాయి, ఊరి ఇళ్లని తప్పించుకోవడానికి. మన రైల్వే లెక్కలో 1750ని డిగ్రీలతో భాగిస్తే వంపు వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. అంటే 292 మీటర్లు. బల్ల మీద 29 సెంటీమీటర్లు. మేస్త్రి మేకు కొట్టి దానికి తాడు కట్టి పెన్సిలుతో చాపం గీశాడు. స్పాన్లు మాత్రం ఏవీ వంగవు, ఒక్కోటి తిన్నగానే ఉంటుంది, స్తంభం దగ్గర కొంచెం కొంచెం తిరుగుతూ పోతాయి. నమూనా చేస్తే తప్ప నాకూ ఈ సంగతి ఇంత స్పష్టంగా కనబడలేదు. బస్సులో పోతుంటే రోడ్డు నున్నగా తిరిగినట్టే ఉంటుంది.

రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. రైలు నెత్తి మీదకి ఎక్కాలి, మళ్లీ దిగాలి, ఆ ఎక్కుడు దిగుడే ఒక కిలోమీటరు పైన. మా పన్నెండడుగులు 3.66 మీటర్లే. కాబట్టి రోడ్డుని రెండు వైపులా బల్ల అంచు దగ్గర తెగ్గోసి వదిలేశాం. వంతెనల మధ్య ఉన్న ఎడం కూడా కుదించాం. పొడవులో మాత్రం రాజీ లేదు. ఎత్తులు రెట్టింపు చేస్తే చూడ్డానికి బాగుంటుందని డ్రాయింగ్ మాస్టారు చాలా చెప్పారు. నేను ఒప్పుకోలేదు. గోదావరి ఎంత వెడల్పో, దాని మీద మనం కట్టింది ఎంత పల్చనో అలాగే కనబడాలి.

ఈ వంతెన రాకముందు బస్సులో వచ్చినవాళ్లు అవతలి గట్టున కొవ్వూరులో దిగి లాంచీ ఎక్కేవాళ్లని మా ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. మేస్త్రికి ఆ లాంచీ ఒకటి చేసి పెట్టాలని ఉంది. 1974 తర్వాతి గోదావరిలో అంతకుముందు కాలం లాంచీ ఏంటని పిల్లలు పట్టుబట్టారు. ఇంకా తేలలేదు.

గట్టు మీద

వంతెనలు పోను బల్ల మీద గట్టుకి మిగిలింది రాజమండ్రి వైపు 70 సెంటీమీటర్లు, కొవ్వూరు వైపు 20. కొవ్వూరు నుంచి రోజూ వచ్చే మా సైన్సు టీచరు గారు ఇది చూసి "మా గోష్పాద క్షేత్రం ఏటి ఒడ్డునే ఉందండీ, ఇరవైలో పడుతుంది, మర్చిపోకండి" అని వార్నింగిచ్చారు. పెట్టాం. ఇటు పక్క పుష్కర ఘాట్ మెట్లు, మార్కండేయ స్వామి గుడి, గోదావరి స్టేషను, గౌతమీ ఘాట్ దగ్గర ఇస్కాన్ గుడి. కోటిలింగాల ఘాట్ కిలోమీటరు పైచిలుకు, మేం ఎడం కుదించేసరికి దానికి జాగా చాలలేదు, కొంత భాగమే వేశాం. కందుకూరి వీరేశలింగం గారు 1890లో కట్టించిన టౌన్ హాలు కూడా ఉండాలని హెడ్మాస్టరు గారి కోరిక. అది ఏటి ఒడ్డున లేదు కదండీ అంటే, "అయితే ఊరిని కాస్త ముందుకి జరపండి" అన్నారు.

వర్షాలు మొదలయ్యాక: 1.8 మిల్లీమీటర్లు

ఏరుకి ఏ రంగు వేయాలి? ఎండాకాలం నీళ్లయితే లంకలు, ఇసుక తిన్నెలు చూపించొచ్చు. వరద నీళ్లయితే ఎర్రగా గట్టు నుంచి గట్టు దాకా నిండుగా ఉంటాయి. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి తండ్రి పడవ నడుపుతాడు. నేను ఇసుక మేటలు పెన్సిలుతో గీస్తుంటే ఆ పిల్ల వచ్చి, "ఇక్కడ మేట వేయదు సార్, ఇక్కడ పడవ ఎప్పుడూ ఆనదు, అక్కడ ఆనుద్ది" అని రెండు చోట్ల చెరిపి రెండు చోట్ల గీసింది. ఉపగ్రహ చిత్రం తెచ్చి పక్కన పెట్టి చూస్తే ఆ పిల్ల మాటే నిజం. ఇసుక పని మొత్తం తనకే అప్పగించాను. బ్రిడ్జి లంక కూడా తనే చేస్తోంది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, ప్రవాహం పది లక్షల క్యూసెక్కులయితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది, అప్పటికి 13 లక్షలు. 17.75 దగ్గర మూడోది, 17 లక్షలు. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఆరడుగులు. మన బల్ల మీద 1.8 మిల్లీమీటర్లు. రెండు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో, ఇంచుమించు అంత. ఆ 1.8 మిల్లీమీటర్లలోనే లంకల్లోంచి జనాన్ని ఖాళీ చేయించడాలు, రాత్రంతా గట్ల మీద కాపలాలు. 1986లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిందని చెబితే పిల్లలు, ఆ మట్టాన్ని కూడా స్తంభాల మీద గీయాలన్నారు. బ్యారేజీ దగ్గరి కొలత తెచ్చి వంతెన స్తంభం మీద గీయడం కుదరదు, రెండు చోట్లా మట్టం ఒకటి కాదని చెప్పాను. బదులుగా పక్కన ఒక చిన్న అద్దం ముక్క నిలబెట్టి దాని మీద మూడు హెచ్చరికల గీతలూ గీస్తున్నాం, పక్కనే భూతద్దం వేలాడదీసి.

ఇప్పుడు ఎక్కడున్నాం

హేవలాక్ పూర్తయింది. రోడ్ కం రైల్ వంపు అతికింది, పైన రోడ్డుకి రెయిలింగ్ వేయాలి. ఆర్చిలలో కొవ్వూరు వైపువి నిలబడ్డాయి, రాజమండ్రి వైపువి ఇంకా హ్యాంగర్ల కోసం ఎదురుచూస్తున్నాయి. నీళ్లకి ఎపాక్సీ రెసిన్ పోయాలి. చెమ్మ గాలిలో అది తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుందని చిన్న పళ్లెంలో పోసి చూశాక అర్థమైంది, కాబట్టి వర్షాలు వెనకబట్టేదాకా దాని జోలికి వెళ్లం.

ఒక చిక్కు మిగిలింది. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ బ్రిడ్జిని పర్యాటకులు నడిచే చోటుగా మార్చడానికి అఖండ గోదావరి ప్రాజెక్టు కింద 2025లో శంకుస్థాపన జరిగింది. పుష్కరాల నాటికి పైన ఏమేం వస్తాయో వాటిని నమూనాలో పెట్టాలా, లేక పాత వంతెనని పాతగానే ఉంచాలా? సగంమంది పిల్లలు దీపాలు కావాలంటున్నారు. నేను మాత్రం పై డెక్కుని జిగురు వేయకుండా ఊడదీసేలా పెట్టించాను. పని పూర్తయ్యాక వెళ్లి చూసొచ్చి మార్చుకోవచ్చు. వచ్చే వారం ఇంకో డబ్బా బలపాలు కొనాలి, ఈసారి ఒకటో తరగతి టీచరమ్మకి.